కట్టెలా? పెట్టెనా?

2014 ఆగస్టు 18, సోమవారం, ఉదయం ఏడున్నర గంటలకు సెంటినరీ కాలనీలోని సంక్షేమ విభాగం కార్యాలయంలో ఫోను మోగింది. మా బొగ్గు గనుల కంపెనీ ఆసుపత్రి నుంచి డ్యూటీ సిస్టర్ మాట్లాడింది. భూగర్భ గనిలో పనిచేసే ఓదెలు అనే కార్మికుడు గుండెపోటుతో తెల్లవారుజామున చనిపోయాడని, శవాన్ని మార్చురీలో ఉంచామని, తదుపరి ఏర్పాట్లు చూడవలసిందని తెలియజేసింది. నేను ఆ ఏరియాకు సంక్షేమాధికారిగా బదిలీపై వచ్చి అప్పటికి ఏడాది కావస్తున్నది.

సంక్షేమాధికారి అంటే ఆటల పోటీలు పెట్టించి, క్వార్టర్లకు సున్నం వేయించే ఉద్యోగమని బయటివారు అనుకుంటారు. అవీ చేసేవాళ్లం. కాని ఆ కుర్చీలో కూర్చున్నవారికి పెళ్లిళ్లకంటే చావులే ఎక్కువ ఎదురవుతాయి. మా ఏరియాలో అప్పటి ఆనవాయితీ ప్రకారం కార్మికుడు చనిపోతే అంత్యక్రియలకు కావలసిన కలప కంపెనీ టింబర్ యార్డు నుంచే వెళ్లేది. దహనం చేసేవారికి కట్టెలు, ఖననం చేసేవారికి పలకలతో కొట్టిన పెట్టె. వీటిలో ఏది కావాలో రాసి, సంతకం చేసి యార్డుకు చీటీ పంపడం నా బాధ్యత. ఒక చావుకు ఒకటే చీటీ.

నిజమేదో, కానిదేదో తేల్చడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు నిజమైనదా, అంగవైకల్యం నిజమైనదా, చనిపోయిన భర్త కోసం ఏడుస్తూ వచ్చిన ఇద్దరిలో భార్య ఎవరు అనే ప్రశ్నలు నా టేబుల్ మీద తరచుగా పడేవి. ఒకసారి ఇద్దరూ నిజమైన భార్యలేనని విచారణలో తేలింది. మా నాయన ఇదే కంపెనీలో తట్టలతో టబ్బుల్లోకి బొగ్గు ఎత్తిపోసిన ఫిల్లరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కాబట్టి ఏ విచారణనైనా పుస్తకంలో ఉన్న పద్ధతి ప్రకారం చేయగలననే నమ్మకం నాకు గట్టిగా ఉండేది. ఆ సోమవారం దాకా ఉన్నది.

ఓదెలు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి బిగించేవాడిని అట్లా అంటారు. పుట్టినప్పుడు తల్లిదండ్రులు ఓదెల గుడిలోని మల్లన్న దేవుడి పేరు పెట్టారు. పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నప్పుడు సంఘం పౌలు అని పేరు పెట్టింది. గనిలో ఓదెలు, మందిరంలో పౌలు. కంపెనీ పుస్తకాల్లో మొదటి పేరే ఉన్నది గాని, ఆ పేరు బట్టి మతం తేల్చడం మొదలుపెడితే మా బొగ్గు బెల్టులో సగం మంది క్రైస్తవుల లెక్క తప్పుతుంది.

ఆసుపత్రి వరండాలో ఆయన భార్య రూతమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఒకే ఒక్క మాట అడిగింది.

“మేడం, ఆయనను మా సునీత పక్కకు పెట్టాలె. జాగ ఉంచుకున్నడు.”

సునీత వారి పెద్దబిడ్డ. నాలుగో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి పోయింది. కాలనీ చివర ఉన్న సమాధుల తోటలో ఆ పిల్ల సమాధి పక్కన ఒక మనిషి పట్టేంత స్థలాన్ని ఓదెలు ఏటా గడ్డి చెక్కి శుభ్రం చేసి పెట్టుకునేవాడట. ఇంకెవరి దృష్టీ అటు పడకుండా బంతిమొక్కలు కూడా వేశాడట. రూతమ్మ కోరిక న్యాయమైనది, చిన్నది. కార్యాలయానికి వెళ్లగానే ‘పెట్టె’ అని చీటీ రాయడానికి పెన్ను తీశాను.

సమాధుల తోట భూమి కంపెనీదే. నిర్వహణ మాత్రం స్థానిక సంఘానిది. గుంట తవ్వే ముందు సంఘ పెద్ద సమ్మతి తీసుకోవాలి. నాకు తెలిసినంతవరకు అది ఒక ఫోను కాల్ పని. ఆ రోజు సంఘ పెద్ద జయరాజు గారు ఫోనులో సమ్మతి చెప్పలేదు. తానే వచ్చారు. ఆయన మా కంపెనీలోనే హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జిప్పు ఉన్న తొడుగులో బైబిలు. కూర్చోమంటే కూర్చోకుండా చెప్పారు.

“మేడం, పౌలు నామకార్థ క్రైస్తవుడు. నిజమైన విశ్వాసి కాదు. తోటల జాగ ఇయ్యలేం.”

నామకార్థ క్రైస్తవుడు అంటే పేరుకు మాత్రమే క్రైస్తవుడైనవాడు. ఇది వారి సంఘాల్లో మామూలుగా వాడే మాట. అయితే నిజమైన క్రైస్తవుడిని ఎట్లా గుర్తుపట్టాలని నేను అడిగాను. ఇటీవల సంఘం ఒక నియమం చేసుకున్నదని ఆయన వివరించారు. మద్యం మానినవాడై ఉండాలి. జాతరలకు, మొక్కులకు పోనివాడై ఉండాలి. ఆదివారం ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, క్రమంగా పాలు పొందినవాడై ఉండాలి. ఈ నియమం ఎందుకు అవసరమైందని కూడా అడిగాను. ఆయన దాచలేదు.

“ఉన్న జాగ తక్కువ మేడం. నిజమైనోళ్లకే చాలది.”

క్వార్టర్ల కేటాయింపులో సీనియారిటీ జాబితా చూసే అలవాటు ఉన్న నాకు ఆ వాదం వెంటనే అర్థమైంది. దేవుడి పేరుతో జరుగుతున్నది కూడా కేటాయింపే.

అంతలో ఓదెలు అన్న కొమురయ్య వచ్చాడు. కాసిపేట దగ్గరి ఊళ్లో వ్యవసాయం చేసుకుంటాడు, క్రైస్తవుడు కాదు. సంఘం ఒప్పుకోకపోతే శవాన్ని స్వగ్రామానికి తీసుకుపోయి దహనం చేయడం ప్రత్యామ్నాయమని నేను మర్యాదగా సూచించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఎట్ల తీస్కపోవాలె మేడం? మా నాయిన సచ్చినప్పుడు గుండు గీయించుకోమంటే, వీడు నేను కిరస్తానమోణ్ని అన్నడు. పిండం పిట్టకు పెట్టంగ రాలె. కులపోళ్లు గప్పుడే చెప్పిండ్రు, వీడు సస్తే మనకు సంబంధం లేదని. ఇయ్యాల తీస్కపోతే నన్ను గూడ ఎల్లగొడ్తరు.”

ఆ విధంగా ఉదయం పది గంటలకల్లా నా ముందున్న పరిస్థితి ఇది. ఒకరి కొలతలో ఆ మనిషి చాలినంత క్రైస్తవుడు కాడు. మరొకరి కొలతలో మరీ ఎక్కువ క్రైస్తవుడు. శవం మార్చురీలో ఉన్నది. నేను యార్డుకు ఫోను చేసి, చీటీ ఆలస్యమవుతుందని, చెక్క సిద్ధంగా ఉంచమని మాత్రం చెప్పాను.

మా పై అధికారి పర్సనల్ విభాగపు డిప్యూటీ జనరల్ మేనేజరు. ఆయనకు విషయం నివేదించాను. అది మతానికి సంబంధించిన విషయమని, కంపెనీ ఎట్టి పరిస్థితిలోను కలగజేసుకోకూడదని, సాయంత్రంలోగా నేను తేల్చివేయాలని ఆయన ఆదేశించారు. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో చెప్పారు. అందుకే ఆయన డిప్యూటీ జనరల్ మేనేజరు అయ్యారని నేను గ్రహించాను.

భూమి కంపెనీది కాబట్టి ఉత్తర్వు ఇచ్చి తవ్వించే అధికారం నాకు లేకపోలేదు. కాని అట్లా తవ్విన గుంట దగ్గర ప్రార్థన చేసేవారు ఉండరు. రూతమ్మ అడిగింది గుంట మాత్రమే కాదు. అందువల్ల మధ్యాహ్నం పన్నెండు దాటాక మందిరం వరండాలో కూర్చుని మాట్లాడుకుందామని ప్రతిపాదించాను. ఓదెలు క్వార్టరు ఆ మందిరానికి ఎదురుగానే ఉన్నది. జయరాజు గారు, కొత్తగా వచ్చిన యువ పాస్టరు, రూతమ్మ, కొమురయ్య, ఓదెలు పనిచేసిన షిఫ్టు సర్దార్ మొగిలి హాజరయ్యారు. గనిలో ఒక భాగంలోని కార్మికుల భద్రత చూసే బాధ్యుడిని సర్దార్ అంటారు. మొగిలి మైసమ్మ భక్తుడు. నేను కూడా క్రైస్తవురాలిని కాను. నిజమైన క్రైస్తవుడు ఎవరో తేల్చడానికి కూర్చున్న ఆ సభకు పద్ధతి తెలిసినదాన్నని అధ్యక్షత నాకే అప్పగించారు.

మద్యం ఆరోపణ మొదట చేపట్టాము. మొగిలిని అడిగాను.

“కల్లు తాగిండు మేడం. అబద్ధమెందుకు. గుడుంబ మాత్రం ముట్టలే. దానికి నేనే సాక్ష్యం.”

“నువ్వెట్ల సాక్ష్యం?” అన్నారు జయరాజు గారు.

“నేను తాగుకుంట ఇయ్యబోయిన గద సారూ. వద్దన్నడు.”

రెండో ఆరోపణ తీవ్రమైనది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఓదెలు మేడారం జాతరకు పోయాడు. అక్కడ అమ్మవార్లకు మనిషి బరువుకు సరితూగే బెల్లం సమర్పిస్తారు. దానిని బంగారం అంటారు. ఆ బెల్లం నెత్తిన పెట్టుకుని నడుస్తుండగా సంఘస్థులు కళ్లారా చూశారని జయరాజు గారు చెప్పారు. సంఘస్థులు అక్కడికి ఏ పని మీద వెళ్లారని నేను అడగలేదు. రూతమ్మే తల ఎత్తింది.

“మా ఆడబిడ్డ మొక్కు అది. సంకల పిల్ల, నెత్తిన పిల్లెత్తు బెల్లం, నడువలేకపోయింది. ఈయన మోసిండు. బెల్లం మోస్తె యేసయ్యకు కోపమొస్తదా అయ్యగారూ?”

హృదయములను ప్రభువే ఎరుగును అని పాస్టరు చెప్పి, గడియారం చూసుకున్నారు.

గని మొగదల ఉన్న మైసమ్మకు ఓదెలు రోజూ దండం పెట్టి దిగేవాడన్నది తరువాతి ఆరోపణ. దీనికి మొగిలి లేచి నిలబడ్డాడు.

“లోపలికి దిగెటోడు ఎవడు పెట్టడు సారూ? మీ పెద్దకొడుకు మా షిఫ్టే గద. ఆయన గూడ పెడ్తడు. చెప్పులిడిచి పెడ్తడు.”

“మావోనిది మర్యాద,” అన్నారు జయరాజు గారు. “వీనిది మొక్కు.”

వరండా కింద గుమిగూడిన జనంలో ఎవరో నవ్వారు. చావు ఇంటి ముందు నవ్వడం తప్పని గుర్తొచ్చి దగ్గుగా మార్చుకున్నారు.

ఆదివారాల హాజరు విషయానికి వచ్చాము. ఆదివారం గనికి సెలవు. సెలవు రోజు డ్యూటీని మా దగ్గర ప్లే డే అంటారు, దానికి రెట్టింపు కూలి ఉంటుంది. కూలి కోసం పౌలు ప్రభువు బల్లను విడిచాడని జయరాజు గారి అభియోగం. మొగిలికి ఈసారి కోపం వచ్చింది. బొగ్గు తీయని రోజునే పైకప్పు పని జరుగుతుందని, దుంగలు బిగించేవాడు ఆదివారం రాకపోతే సోమవారం అందరి నెత్తిన రాయి పడుతుందని, ఆ అందరిలో బల్లలో కూర్చున్నవాళ్లు కూడా ఉంటారని చెప్పాడు. ఆ వాదన బలమైనదని నాకు తోచింది. నియమంలో మినహాయింపు లేదని జయరాజు గారికి తోచింది.

ఆ సమయంలో టింబర్ యార్డు ట్రాక్టరు వచ్చి, క్వార్టరుకూ మందిరానికీ మధ్య రోడ్డు మీద ఆగింది. ట్రాలీలో ఒక పక్క నిండుగా కట్టెలు, ఇంకో పక్క కొత్త పెట్టె. డ్రైవరు, హమాలీ రెండూ దింపారు. నేను కంగారుపడి యార్డు సూపర్‌వైజరుకు ఫోను చేశాను.

“చీటీ రాకపాయె మేడం. మీరు చెక్క రెడీ ఉంచుమన్నరు. ఏ చెక్కనో చెప్పలేదు. లేటైతదని రెండూ పంపిన. మిగిలింది వాపస్ చెయ్యిండ్రి.”

నా సర్వీసులో ఒక చావుకు కట్టెలూ పెట్టే రెండూ వచ్చిన సందర్భం అదొక్కటే. రూతమ్మ ఆ రెండింటినీ చూసి మళ్లీ ఏడుపు అందుకుంది. చుట్టూ చేరినవారు ఏది ఎక్కువ బరువుంటుందని మాట్లాడుకోసాగారు.

వారిని తోసుకుంటూ మార్తవ్వ వచ్చింది. సంఘంలో అందరికంటే పెద్ద మనిషి. జయరాజు గారికి స్వయానా మేనత్త, అంటే ఆయన తండ్రికి చెల్లెలు. చేతిలో కర్ర, నడుము వంగిపోయి ఉన్నది. కూర్చోవడానికి కుర్చీ కోసం చూసింది. దొరకలేదు. నెమ్మదిగా పోయి ఆ కొత్త పెట్టె మీద కూర్చుంది.

“అత్తా, దాని మీద కూసోవద్దు!” అన్నారు జయరాజు గారు.

“ఎందుకురా, ఇంక ఖాళీదే గద. ఏంది పంచాయితి?”

నేను క్లుప్తంగా వివరించాను. ఆమె అంతా విన్నది. వినేటప్పుడు పెట్టె పలకను వేలితో తట్టి చూసింది, కుండ కొనేవాళ్లు తట్టినట్టు.

“మంచిగ అడిగిండ్రు బిడ్డా. నేను ఒక్కటి అడుగుత,” అని మేనల్లుడి వైపు తిరిగింది. “తోటల మొదటి వరుసల మొదటి సమాధి ఎవరిది?”

“మా నాయినది.”

“మా అన్నది. మా అన్న పొద్దుగూకితే తాళ్లల్లకు కల్లుకు పోకుంట ఉన్న దినం ఉన్నదా?”

“అత్తా, పది మందిల…”

“ఓదెలు ముచ్చట పది మందిల అడిగినవు గద. ఇది గూడ పది మందిలనే చెప్పు. నువ్వు పుట్టినంక కొండగట్టుకు తీస్కపోయి నీ పుట్టెంటికలు తీపిచ్చిండు, యాదికున్నదా? నీకేం యాదికుంటది, నువ్వు ఏడుస్తున్నవు. ఆ పక్క సమాధి రాయేలుది. మల్లన్నకు పొట్టేలు ఇచ్చి కూర మందిరం పక్కపొంటి పంచిండు. నువ్వు గూడ తిన్నవ్. దాని పక్కది మా ఆయనది. ఆయన ముచ్చట నేను చెప్ప, నా మొగడు. ఇగ చెప్పు, ఎవల్ని తవ్వి తీద్దాం? గడ్డపార తెప్పిస్త.”

జయరాజు గారి ముఖం ఎర్రబడింది. అయినా ఆయన క్రమశిక్షణ గల మనిషి, వాదాన్ని వదలలేదు. తన తండ్రి చివరి దినాల్లో మారుమనస్సు పొంది, రక్షణ పొంది మరణించాడని, మనిషి అంత్య స్థితే లెక్కకు వస్తుందని అన్నారు.

“ఎవలికి చెప్పిండురా? పక్షవాతమొచ్చి నోరు పడిపాయె. నెల దినాలు నేనే గంజి పోసిన. మంచినీళ్లకు గూడ సైగనే చేసిండు.”

“కండ్లతోని చెప్పిండత్తా. నేను చూసిన. నేను ప్రార్థన చేస్తాంటే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు.” అందాకా హెడ్ క్లర్కు మాట్లాడాడు. ఆ ఒక్క మాట కొడుకు మాట్లాడాడు.

మార్తవ్వ కాసేపు ఆయన వైపే చూసింది.

“మంచిది. ఓదెలు గూడ కండ్లతోనే చెప్పిండు. నేను చూసిన.”



“నువ్వెప్పుడు చూసినవ్?” అన్నారు జయరాజు గారు.

“ఎప్పుడు చూసినవని నిన్ను నేను అడిగిన్నా?”

ఓదెలును ఉంచిన వార్డులోకి భార్యను తప్ప ఎవరినీ అనుమతించలేదని ఉదయం సిస్టర్ నాకు చెప్పి ఉన్నది. సభాధ్యక్షురాలిగా ఆ సంగతి నేను ప్రస్తావించి ఉండవచ్చు. అప్పుడు జయరాజు గారి తండ్రి విషయం కూడా రుజువు చేయమని కోరవలసి వచ్చేది. ఏ విచారణాధికారి అయినా ఇద్దరు సాక్షులకూ ఒకే నియమం వర్తింపజేయాలి. ఒకరి కళ్లు చెల్లితే ఇంకొకరి కళ్లు చెల్లాలి. నేను పాస్టరు వైపు చూశాను. ఆయన కూడా నా వైపే చూస్తున్నారు. కంటి సాక్ష్యం సంఘానికి చాలునని ఆయన ప్రకటించారు. జయరాజు గారు బైబిలు తొడుగు జిప్పు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, చివరికి తవ్వేవాళ్లను పిలవమన్నారు. మార్తవ్వ పెట్టె మీద నుంచి లేవడానికి మొగిలి చేయి అందించాడు.

మూడు గంటలకు వాన మొదలైంది. వాన తగ్గేదాకా వచ్చిన జనానికి చాయ్ పెట్టాలని ఇరుగుపొరుగు ఆడవాళ్లు అనుకున్నారు. ఎండిన చెక్క ఎదురుగా ఉన్నది. కొమురయ్యే గొడ్డలి తీసుకుని నాలుగు మొద్దులు చీల్చి ఇచ్చాడు. తమ్ముడి చితికి వచ్చిన కట్టెల మీద కాగిన చాయ్‌ను రెండు పక్షాలవారూ తాగారు. మిగిలిన కట్టెలు యార్డుకు వాపస్ పంపాను. తూకంలో వచ్చిన తేడాకు వివరణ అడిగితే, వర్షం వల్ల కలిగిన తరుగు అని రాశాను. తడిసిన కట్టె బరువు పెరుగుతుంది గాని తగ్గదని ఆడిట్ విభాగం గమనించలేదు.

వాన వెలిశాక ఓదెలును సునీత పక్కన, ఆయన బంతిమొక్కలు వేసిన చోటే పెట్టారు. గుంట దగ్గర పాట ఎత్తుకున్నది జయరాజు గారే. ఆయన గొంతు మంచిది. గోడ బయట నిలబడతానన్న కొమురయ్యను రూతమ్మ, “బావా, మన్ను వెయ్యవా?” అని పిలిచింది. ఆయన లోపలికి వచ్చి మూడు పిడికిళ్ల మన్ను వేశాడు. నేను కూడా వేశాను. మా కుటుంబంలో ఆడవాళ్లు అట్లాంటి చోటికి పోరు. ఆ రోజు అది డ్యూటీ.

ఈ ఉదంతం నాకు వృత్తిపరంగా ఒక విషయం నేర్పింది. సర్టిఫికెట్టు నిజమైనదా అనే అనుమానం వస్తే, దానిని జారీ చేసిన కార్యాలయానికి ఉత్తరం రాసి కనుక్కోవచ్చు. విశ్వాసానికి జారీ చేసిన కార్యాలయం ఏదో తెలిసినా, అక్కడి నుంచి జవాబు తెప్పించే పద్ధతి ఏ మాన్యువల్‌లోనూ లేదు. జవాబు రాని ప్రశ్నను విచారణాంశంగా స్వీకరించకూడదు.

తరువాత మారినవి ఇవి. సంఘం ఆ నియమాన్ని ఉపసంహరించుకున్నది. తోట విస్తరణకు స్థలం కావాలని కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నది. దానిపై మొదటి సంతకం జయరాజు గారిది. ఆ దరఖాస్తును నేను సిఫారసుతో పైకి పంపాను, ఉత్తరం వైపు ఒక ముక్క మంజూరైంది. యార్డు చీటీలో మతం అని ఉన్న గడిని తీయించి, కుటుంబం కోరినది అని అచ్చు వేయించాను. నేను రిటైరయ్యే ముందు ఏడాది జయరాజు గారు చనిపోయారు. ఆయన పెద్దకొడుకు గని నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి పెట్టె కావాలన్నాడు. చీటీ రాసి ఇచ్చాను. ఆయన నిజమైన విశ్వాసియా కాదా అని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.